విమానసంస్థ ఏం పోగొట్టుకుంటుంది?

"శిక్షణను విజయవంతంగా పూర్తిచేసిన అభ్యర్థిని, ఆనాటి నిర్వహణ అవసరాలకు లోబడి, ఫస్ట్ ఆఫీసర్ ఉద్యోగానికి పరిశీలించడం జరుగుతుంది." చదివి అభిప్రాయం చెప్పమని మా మేనల్లుడు పంపిన క్యాడెట్ ఒప్పందంలో, అంటే ఒక విమానసంస్థ పేరు మీద నడిచే పైలట్ శిక్షణ ఒప్పందంలో, ఉద్యోగం ప్రస్తావన ఉన్న వాక్యం ఇదొక్కటే. ఫస్ట్ ఆఫీసర్ అంటే కో పైలట్. మిగిలిన పేజీలన్నీ డబ్బు గురించే: ఏ వాయిదా ఎప్పుడు కట్టాలి, ఆలస్యమైతే జరిమానా ఎంత, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిరాదు, ఉద్యోగం దొరికాక ఎన్నేళ్ళపాటు వదిలి వెళ్ళకూడదు. ఒప్పందంతో పాటు వచ్చిన ప్రచార పుస్తకంలో మాత్రం మొదటి పుట నుంచీ భుజాల మీద బంగారు చారలు, కెప్టెన్ జీతాల పట్టిక, "మీ సీటు మీకోసం ఎదురుచూస్తోంది" వంటి మాటలు. ఈ రెండూ ఒకే సంస్థ ఒకే కవరులో పంపినవి.

పైలట్ కావాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అబ్బాయికి ఆ విషయంలో సందేహం లేదు. వాడి కళ్ళు, చెవులు, గుండె బాగున్నాయని పైలట్ ఉద్యోగానికి కావలసిన వైద్య పరీక్ష, క్లాస్ 1 మెడికల్, కూడా తేల్చింది. విమానసంస్థ పేరు మీద నడిచే క్యాడెట్ శిక్షణకు, ఒక కుటుంబం జీవితకాలంలో కూడబెట్టినదీ అప్పు తెచ్చినదీ కలిపి ముందుగానే కట్టాలా, లేక లైసెన్సును విడివిడి దశల్లో సంపాదించుకొని ఆ తరువాత ఉద్యోగం వెతుక్కోవాలా అన్నదే ప్రశ్న. దీని మీద చాలా చదివి, ఈ రంగంలో ఉన్న కొందరితో మాట్లాడాక నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. శిక్షణ పూర్తయిన విద్యార్థికి ఉద్యోగం ఇవ్వకపోతే విమానసంస్థకు కూడా ఏదో ఒక నష్టం కలిగేటట్లు ఒప్పందం ఉంటేనే క్యాడెట్ శిక్షణకు డబ్బు కట్టాలి. అది లేనప్పుడు ఆ సంస్థ పేరుకు మనం చెల్లించే అదనపు మొత్తం నిష్ప్రయోజనమని నా వాదన.

నష్టం ఎవరి ఖాతాలో

పైలట్ శిక్షణలో చిక్కంతా డబ్బు కట్టే సమయానికీ ఉద్యోగం దొరికే సమయానికీ మధ్య ఉన్న దూరంలో ఉంది. అంతా సజావుగా సాగితే ఏడాదిన్నర, రెండేళ్ళు. వాతావరణం బాగాలేకపోయినా, విమానం మరమ్మతులో ఉన్నా, శిక్షకుడు వేరే ఉద్యోగం చూసుకొని వెళ్ళిపోయినా, పరీక్షకుడి తేదీ దొరకకపోయినా ఇంకా ఎక్కువ. ఈ కాలమంతా అప్పు మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఇంతలో విమానయాన రంగం ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. ఆ తెలియనితనం ఖరీదును ఎవరో ఒకరు భరించాలి. మేనల్లుడు పంపిన ఒప్పందంలో దాన్ని మొత్తంగా విద్యార్థే భరిస్తున్నాడు. సంస్థకు రెండేళ్ళ తరువాత పైలట్లు కావాలంటే, తన పద్ధతిలో తయారై, బాండు రాసిచ్చి సిద్ధంగా ఉన్న యువకులు దొరుకుతారు. అక్కర్లేదంటే "నిర్వహణ అవసరాలు" అన్న మాట చాలు.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2018లో ఏ దేశంలోనైనా ఉత్సాహంగా శిక్షణలో చేరిన వ్యక్తి బయటికి వచ్చేసరికి 2020 వచ్చింది. ఆ సంవత్సరం ప్రపంచ విమాన ప్రయాణం అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులు పడిపోయింది. మార్చి 5న బ్రిటన్‌లో ఫ్లైబీ అనే విమానసంస్థ మూతపడింది. తమ శిక్షణ సంస్థలను ఎంతో ప్రతిష్ఠగా నడుపుకొన్న జర్మనీ విమానసంస్థ లుఫ్తాన్సా వంటిది సైతం, శిక్షణలో ఉన్నవారికి ఇక చాలా ఏళ్ళపాటు అవకాశాలు ఉండవని, వేరే దారి చూసుకోవడం మేలని చెప్పవలసి వచ్చింది. అయితే లుఫ్తాన్సాలో చాలాకాలం నడిచిన పద్ధతి ఒకటి గమనించదగ్గది: శిక్షణ ఖర్చును సంస్థ ముందు తానే పెట్టుకొని, అందులో విద్యార్థి వాటాను అతడు ఉద్యోగంలో చేరాక జీతంలోంచి రాబట్టుకునేది. ఉద్యోగం లేకపోతే ఆ అప్పు మొదట సంస్థకే తలనొప్పి అవుతుంది. అటువంటి ఒప్పందం రాసే సంస్థ ఎంతమందిని చేర్చుకోవాలో చాలా జాగ్రత్తగా లెక్క వేసుకుంటుంది. ఫీజు ముందే చేతికి అందిన సంస్థకు ఆ లెక్కతో పనిలేదు. ఎంతమంది చేరితే అంత ఆదాయం.

అందుకే క్యాడెట్ శిక్షణలన్నిటినీ నేను ఒకే గాటన కట్టడం లేదు. 2023లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన స్పీడ్‌బర్డ్ అకాడమీని ప్రకటించి శిక్షణ ఖర్చు మొత్తం తానే భరిస్తానన్నది. అదే దేశంలో టూయీ అనే విమానసంస్థ కూడా ఆ బాట పట్టింది. అక్కడ సీటు దొరికినవారు రెండోసారి ఆలోచించనవసరం లేదు. దరఖాస్తుదారుల సంఖ్య సీట్ల సంఖ్యకు ఎన్నో రెట్లు ఉంటుంది కనుక దాన్నొక ప్రణాళికగా పెట్టుకోలేం. కానీ ఇటువంటి శిక్షణల వల్ల ఒక సంగతి బయటపడింది. నిజంగా పైలట్లు అవసరమైన సంస్థ ఆ అవసరం కోసం తన డబ్బు పెడుతుంది.

ఇరవై ఏళ్ళ అంచనాలు

ఆ సంస్థ పెట్టిన ప్రచార సభకు నేనూ వెళ్ళాను. అక్కడ తెర మీద చూపిన మొదటి అంకె, రాబోయే ఇరవై ఏళ్ళలో ప్రపంచానికి 6 లక్షలకు పైగా కొత్త పైలట్లు కావాలన్న బోయింగ్ అంచనా. ఆ అంకెను నేను శంకించడం లేదు. ప్రయాణికులు పెరుగుతున్నారు, పాతవారు రిటైర్ అవుతున్నారు, విమానాల ఆర్డర్లు ఏళ్ళ తరబడి నిండి ఉన్నాయి. అయితే విమానాలు అమ్ముకునే సంస్థ వేసిన ఇరవై ఏళ్ళ సగటు మీద ఒక కుటుంబం నెలవారీ వాయిదా కట్టలేదు. శిక్షణ ముగిసిన నెలలో ఏ సంస్థ ఎంతమందిని తీసుకుంటుందన్నదే మనకు కావలసిన అంకె. దాన్ని ఎవరూ తెర మీద చూపలేరు.

అంచనాలను ఒక్క నియమం ఎలా తారుమారు చేస్తుందో చెప్పడానికి 2006 మంచి ఉదాహరణ. అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్ల వయోపరిమితిని ఆ ఏడాది నవంబరులో 60 నుంచి 65కు పెంచారు; మరుసటి సంవత్సరం చివర అమెరికా తన దేశీయ నియమాన్ని కూడా మార్చింది. దిగిపోవలసినవారు మరో ఐదేళ్ళు కుర్చీలో ఉన్నారు, వెంటనే 2008 ఆర్థిక సంక్షోభం వచ్చింది, కింద ఉన్నవారి నియామకాలు, పదోన్నతులు రెండూ నిలిచిపోయాయి. పైలట్ల కొరత రాబోతోందన్న మాట అప్పుడూ వినబడుతూనే ఉంది. 2025లో ఆ పరిమితిని 67 చేయాలని విమానసంస్థల అంతర్జాతీయ సంఘమే ప్రతిపాదించింది. అటువంటి మార్పు ఎప్పుడు అమలైనా, అది మొదట తగిలేది వరుసలో చిట్టచివర ఉన్నవారికే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. 2020లో, అందరూ వద్దన్నప్పుడు, మొండిగా శిక్షణలో చేరినవారు 2022లో బయటికి వచ్చేసరికి సంస్థలు పోటీపడి మనుషులను తీసుకుంటున్నాయి. అంటే రంగం బాగున్నప్పుడు చేరడం తెలివైన పని అనిపించడమే పెద్ద భ్రమ. అయితే ఇందులోంచి "ఎప్పుడు చేరినా ఫరవాలేదు" అన్న అర్థాన్ని తీయలేం. ఎవరూ సమయాన్ని పసిగట్టలేరు కాబట్టి, ఆ సమయం కలిసిరాకపోయినా నిలబడగలిగే విధంగా డబ్బు ఏర్పాట్లు ఉండాలి. ఇల్లు తనఖా పెట్టి, ఉద్యోగం దొరికిన మొదటి నెల నుంచే జీతంతో వాయిదాలు కట్టగలమన్న లెక్కతో దిగినవారికి ఆరు నెలల ఆలస్యం కూడా ప్రాణాంతకం.

సభలో ఒక తండ్రి లేచి, "మీరు ఉద్యోగం ఇవ్వకపోతే మా అప్పు సంగతేమిటండీ?" అని అడిగారు. వేదిక మీద ఉన్నాయన నవ్వి, ఇంతవరకు తమ విద్యార్థులు ఎవరికీ అలా జరగలేదన్నారు. ఆ శిక్షణ మొదలై ఎన్నాళ్ళో కాలేదని, మొదటి జట్టు ఇంకా శిక్షణలోనే ఉందని చివర్లో ఎవరో అడిగితే తెలిసింది. ఆయన అబద్ధం ఆడలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లున్న ఆ జవాబుకు ఎందుకో చప్పట్లు కూడా పడ్డాయి.

లైసెన్సుకూ ఉద్యోగానికీ మధ్య

బయటివారికి సాధారణంగా తెలియని సంగతి, కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికి వచ్చినంత మాత్రాన ఎయిర్‌బస్ 320 నడపడానికి కుదరదన్నది. దానికి మల్టీ ఇంజిన్ (ఒకటికి మించిన ఇంజిన్లున్న విమానం నడపడం), ఇన్‌స్ట్రుమెంట్ (బయట కనిపించకపోయినా పరికరాలను చూసి నడపడం) రేటింగులు, అంటే అదనపు అర్హతలు, కావాలి, ఆపైన ఆ రకం విమానానికే ప్రత్యేకమైన టైప్ రేటింగ్ కావాలి. ఇవి ఒకసారి సంపాదిస్తే ఉండిపోయేవి కావు. యూరప్ నియమాల ప్రకారం ఇన్‌స్ట్రుమెంట్ రేటింగునూ టైప్ రేటింగునూ ఏడాదికోసారి పరీక్ష ఇచ్చి నిలబెట్టుకోవాలి. సిద్ధాంత పరీక్షలన్నీ పాసయ్యాక 36 నెలల్లో లైసెన్సు, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పూర్తి చేయకపోతే ఆ పరీక్షలు మళ్ళీ రాయవలసిందే. ఈ విధంగా చూస్తే, ఉద్యోగం లేని పైలట్ ఖాళీగా కూర్చోవడానికి కూడా డబ్బు కట్టాలి. నాతో పనిచేసే ఒకావిడ కూతురు లైసెన్సు పుచ్చుకొని ఉద్యోగం కోసం ఎదురుచూసిన కాలంలో, వేరే ఉద్యోగం చేసి సంపాదించినదంతా సిమ్యులేటర్ అద్దెకూ పరీక్ష రుసుముకూ పోసింది. చివరికి ఆమెకు ఉద్యోగం దొరికింది. ఆ రోజుల గురించి అడిగితే మాత్రం ఇప్పటికీ మాట మార్చేస్తుంది.

అందువల్ల ఒప్పందంలో నేను మొదట చూసింది టైప్ రేటింగ్ ఫీజులో కలిసి ఉందా, విడిగానా అన్నది. విడిగానే ఉంది, పైగా దాన్ని నియామక నిర్ణయానికి ముందే కట్టాలట. నా దృష్టిలో ఇది ఒప్పుకోకూడని షరతు. ఉద్యోగం లేని టైప్ రేటింగ్ ఏడాదిలో కాలం చెల్లిపోయే కాగితం. విమానం నడిపిన గంటలు లేకుండా ఆ కాగితాన్ని చూసి పిలిచే సంస్థ అరుదు. కొన్నిచోట్ల ఇంకో మెట్టు పైకి వెళ్ళి, ప్రయాణికులున్న విమానంలో కో పైలట్‌గా గంటలు సంపాదించుకోవడానికి పైలట్ నుంచే డబ్బు వసూలు చేస్తారు. పనిచేసేవాడే జీతం చెల్లించే ఈ పద్ధతిని యూరప్ పైలట్ల సంఘాలు ఎన్నో ఏళ్ళుగా వ్యతిరేకిస్తున్నాయి.

ఎం.పి.ఎల్. (మల్టీ క్రూ పైలట్ లైసెన్స్) గురించి కూడా ఒక మాట. పౌర విమానయాన అంతర్జాతీయ సంస్థ 2006లో తెచ్చిన ఈ లైసెన్సు ఉద్దేశం మంచిదే: చిన్న విమానంలో ఒంటరిగా గంటలు కూడబెట్టడం కన్నా, ఇద్దరు కలిసి పెద్ద విమానాన్ని నడిపే పద్ధతిని మొదటినుంచీ సిమ్యులేటర్లో నేర్పడం మేలన్న ఆలోచన. కనీసం 240 గంటల శిక్షణ, అందులో సిమ్యులేటర్ వాటా ఎక్కువ. నాణ్యత విషయంలో నాకు ఫిర్యాదు లేదు. కానీ ఈ శిక్షణ ఒక విమానసంస్థ అచ్చులో పోసినట్లు తయారవుతుంది. ఆ సంస్థ మూతపడితే లేదా వద్దంటే, చిన్న విమానంలో ఒంటరిగా వాణిజ్య విమానయానం చేసి, లేదా శిక్షకుడిగా గంటలు పెంచుకొని బతకడానికి ఈ లైసెన్సు ఒక్కటే సరిపోదు, మరికొంత శిక్షణ కావాలి. ఒక్క తలుపే ఉన్న గదిలోకి వెళ్ళేవారు, ఆ తలుపు తాళం తమ దగ్గర కూడా ఒకటి ఉందో లేదో చూసుకోవాలి.

అమెరికాలో పరిస్థితి పూర్తిగా వేరు. 2009 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ అనే సంస్థ విమానం కూలి 50 మంది మరణించాక వచ్చిన చట్టం వల్ల, 2013 నుంచి అక్కడ ఫస్ట్ ఆఫీసర్‌కు కూడా సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలి. విశ్వవిద్యాలయం నుంచో సైన్యం నుంచో వచ్చినవారికి కొంత సడలింపు. ఆ ప్రమాదంలో ఇద్దరు పైలట్లకూ అంతకు మించిన గంటలే ఉన్నాయని, ఈ నియమం అసలు కారణాన్ని తాకలేదని విమర్శించేవారు చాలామంది. అది మరో చర్చ. మన ప్రశ్నకు సంబంధించినంతవరకు, అక్కడ శిక్షకుడిగా జీతం తీసుకుంటూ గంటలు పెంచుకోవడం మామూలు దారి అయింది. నిదానమే అయినా, ఆ దారిలో నడిచేవాడికి ప్రతి మెట్టు మీదా అమ్ముకోగలిగిన నైపుణ్యం ఒకటి చేతిలో ఉంటుంది.

నాకు ఎదురైన గట్టి వాదనలు

కుటుంబ స్నేహితుడైన ఒక సీనియర్ కెప్టెన్‌తో ఇదంతా చెప్పినప్పుడు ఆయన నాతో ఏకీభవించలేదు. "మీరు కాగితాన్ని చూస్తున్నారు, నేను మనిషిని చూస్తాను" అన్నారు. విడివిడిగా శిక్షణ తీసుకున్నవారిలో ఒక్కో దశను ఒక్కో చోట, మధ్యలో నెలల విరామంతో ముగించినవారు ఎక్కువని, వారికి సిమ్యులేటర్లో పాత అలవాట్లు మాన్పించడానికే సగం కాలం పోతుందని, క్యాడెట్ శిక్షణ నుంచి వచ్చినవారు మొదటి రోజే సంస్థ పద్ధతిలో మాట్లాడతారని ఆయన అనుభవం. నియామకాలు మళ్ళీ మొదలైనప్పుడు సంస్థలు ముందు తమ జాబితాలో నిలబడి ఉన్న క్యాడెట్లనే పిలుస్తాయి, బయటివారి వంతు ఆ తరువాతే అని కూడా గుర్తుచేశారు.

ఇది నిజమే. వరుసలో చోటుకు విలువ ఉంది. నా అభ్యంతరం ఆ చోటు ఎంత గట్టిదన్న దాని మీదనే. వరుసలో ఎంతమంది ఉన్నారో, ఎంతకాలం నిలబెడతారో, ఆ కాలంలో రేటింగులు చెల్లిపోకుండా చూసే ఖర్చు ఎవరిదో రాసి ఉంటే దానికి నేను ధర కట్టగలను. మేనల్లుడి ఒప్పందంలో ఆ మూడూ లేవు. ఇక ఆ కెప్టెన్ తన కాలంలో శిక్షణ పొందింది సంస్థ ఖర్చు మీదే. అప్పట్లో తాను కట్టినదల్లా కొన్నేళ్ళు సంస్థను వదలనన్న బాండు మాత్రమేనని ఆయనే చెప్పారు. ఆ బాండు న్యాయమైనది. సంస్థ డబ్బు పెట్టింది కాబట్టి మనిషి నిలిచి ఉండాలి. ఇప్పుడు విద్యార్థే డబ్బు కట్టి, మళ్ళీ బాండు కూడా అతడే రాసివ్వడంలో ఉన్న తర్కం ఏమిటని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "అది మాత్రం నాకూ నచ్చదు" అన్నారు.

విడివిడి దారికి ఉన్న లోపాలను తక్కువ చేసి చూపడం కూడా తప్పే. దానికి క్రమశిక్షణ కావాలి. పక్కన తోటి విద్యార్థుల జట్టు ఉండదు, చదువు ఆగిపోతే అడిగేవారు ఉండరు, ఫ్లయింగ్ స్కూళ్ళ నాణ్యతలో చాలా తేడాలుంటాయి. ఆ దారిలో చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. కానీ మధ్యలో ఆగగలగడమే దానిలోని రక్షణ కూడా. మొదటి పాతిక గంటల్లోనే తనకు ఇది పడదని గ్రహించినవాడు ఆ పాతిక గంటల డబ్బుతో బయటపడతాడు. క్యాడెట్ శిక్షణలో అదే గ్రహింపు కలిగేనాటికి పెద్ద వాయిదా వెళ్ళిపోయి ఉంటుంది. లేదా, మరింత దారుణంగా, "సంస్థ ప్రమాణాలకు తగిన ప్రగతి లేదు" అన్న నిర్ణయం అవతలివైపు నుంచి వస్తుంది. ఆ నిర్ణయం ఎవరు, ఏ కొలమానంతో తీసుకుంటారో, అప్పీలు ఎవరికి చేసుకోవాలో ఒప్పందంలో ఉండాలి.

ముందుగా మొత్తం కట్టేయడంలో ఇంకో ప్రమాదం శిక్షణ సంస్థే కనుమరుగు కావడం. 2023లో స్కాట్లాండ్‌లోని డండీలో ఎంతో పాతదైన టేసైడ్ ఏవియేషన్ మూతపడినప్పుడు, ముందే ఫీజులు కట్టిన విద్యార్థులు రోడ్డున పడ్డారు. మంచి పేరు, పాత చరిత్ర వారిని కాపాడలేదు. ఎగిరిన గంటలకే డబ్బు కట్టే ఏర్పాటు, లేదా మూడో వ్యక్తి ఖాతాలో డబ్బు ఉంచి దశలవారీగా విడుదల చేసే ఏర్పాటు అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

వయసు లెక్క

నన్ను ఎక్కువగా తికమక పెట్టిన వాదన సీనియారిటీది. చాలా విమానసంస్థల్లో చేరిన తేదీయే మనిషి జాతకం. ఏ రోజులు సెలవు, ఏ విమానం, ఏ ఊరు, ఎప్పుడు కెప్టెన్, అన్నీ ఆ వరుస సంఖ్యను బట్టే నిర్ణయమవుతాయి. పదవీ విరమణ వయసు స్థిరంగా ఉంది కనుక, మొదట్లో పోయిన ఒక సంవత్సరం మొదటి ఏడాది చిన్న జీతంలోంచి కాక, చివరి ఏడాది కెప్టెన్ జీతంలోంచి తీసివేతకు గురవుతుంది. ఈ లెక్క ప్రకారం, దారి ఖరీదైనదైనా తొందరగా చేర్చేదే చవక. మేనల్లుడు నాకు కాగితం మీద వేసి చూపించింది ఇదే. "మామయ్యా, మీరు అప్పు ఒక్కటే చూస్తున్నారు, ఆలస్యానికి కూడా వడ్డీ ఉంటుంది కదా" అన్నాడు.

వాడి లెక్కలో తప్పులేదు. శిక్షణ ముగియగానే చేరతాడన్నది అందులో ముందే అనుకున్న విషయం కావడమే ఇబ్బంది. ఉద్యోగం ఇవ్వకుండా జాబితాలో నిలబెట్టిన కాలంలో సీనియారిటీ పెరగదు. సంస్థ మూతపడినా, మనిషి వేరే సంస్థకు మారినా ఆ సంఖ్య ఎన్ని ఏళ్ళదైనా సున్నా అవుతుంది. పదిహేనేళ్ళ కెప్టెన్ కొత్త సంస్థలో చివరి నుంచి మొదలుపెట్టడం ఈ రంగంలో వింత కాదు. పందొమ్మిదేళ్ళ కుర్రవాడు ఒక ఏడాది ఆలస్యమైనా అప్పు లేకుండా మొదలుపెడితే, తక్కువ జీతపు తొలి ఉద్యోగాన్ని కాదనకుండా ఒప్పుకోగలడు, నచ్చని సంస్థను వదిలేయగలడు. ఆ స్వేచ్ఛకు నేను ఆ పట్టికలో ఉన్నదానికన్నా ఎక్కువ వెల కడతాను.

ముప్ఫై దాటి, వేరే వృత్తిని వదిలి రావాలనుకునేవారి విషయంలో మాత్రం నాకు ఇంత ధీమా లేదు. వారికి విడివిడి దారిలో పోయే మూడు నాలుగేళ్ళు నిజంగానే బరువైనవి. చేతిలో పొదుపు ఉండి, అవసరమైతే పాత వృత్తికి తిరిగి వెళ్ళగలిగిన స్థితి ఉంటే, బలహీనమైన ఒప్పందాన్ని కూడా ఒప్పుకోవడం అవివేకం అనలేను. అటువంటివారు కూడా టైప్ రేటింగ్ వాయిదాను నియామక పత్రం చేతికి వచ్చిన తరువాతకు మార్పించుకోవాలి, లైసెన్సు పోతే పరిహారం ఇచ్చే బీమా ఖర్చును మొదటి రోజు నుంచే లెక్కలో వేసుకోవాలి. నలభై దాటిన శరీరానికి మెడికల్ పరీక్ష ఏటా ఒక కొత్త ప్రశ్నాపత్రం. అప్పు తీరే లోపల అందులో ఒక్కసారి తప్పినా వాయిదాలు ఆగవు.